మన యేటి చివర మడ చెట్లు

కుశస్థలి యేటిని ఎరుగని తెలుగు కుటుంబం తిరుత్తణి, తిరువళ్లూరు ప్రాంతాల్లో వుండదు. 1960లో తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లా నుండి మద్రాసు రాష్ట్రానికి మారింది గాని, యేరు దారి మార్చుకోలేదు. పళ్లిపట్టు మీదుగా వచ్చి, పూండి జలాశయాన్ని నింపి, ఎన్నూరు వద్ద సముద్రంలో కలుస్తుంది. ఆ చోటు చూచినవారు మాత్రం మనలో తక్కువ. ఆఫీసు సెలవునాడు పిల్లలతో వెళ్లి చూచాను.

అక్కడ మంచినీరు, ఉప్పునీరు కలిసే బురదలో మడ చెట్లున్నవి. బురదలో గాలి చాలదు గనుక అవి వేళ్లను మేకుల వలె పైకి నిలిపి వూపిరి పీలుస్తాయి. ఎక్కువైన ఉప్పును ఆకుల గుండా వెలికి పంపుతాయి. ఆ వేళ్ల మాటున రొయ్యపిల్లలు, పీతలు పెరుగుతాయి. ఒడ్డుకు అలల తాకిడి తగ్గుతుంది.

జాలరులకు యిదే జీవనం. ఎన్నూరుకు ఉత్తరాన పులికాట్ సరస్సులో వారు వలవేసే వంతులను చీట్లు వేసి పంచుకుంటారు. ఆ కట్టుబాటు పేరు ‘పాడు’. మన చెవికి పాడు అంటే చెడినది. వారికి అది నలుగురూ బ్రతికే వుపాయం!

కాని ఎన్నూరు కయ్యలో థర్మల్ కేంద్రాల బూడిద పేరుకున్నది. 2023 డిసెంబరులో తుపాను వరదతో చమురు తెట్టు వచ్చి పడవలకు, వలలకు, మడ వేళ్లకు అంటుకున్నది. వూపిరి తీసే వేరుకు నూనె పట్టిస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా?

చెట్టు ఉప్పును ఓర్చుకున్నది. మనిషి వంతులు కుదుర్చుకున్నాడు. విషాన్ని ఓర్చుకునే నేర్పు యిద్దరికీ లేదు. ఎగువనున్న మనం యేటిలో ఏది వదిలినా, అది చేరేది వారి వాకిటికే.