చెఱకు దీవిని దేశముగ జేసినవారు

పరదేశములకు కూలికి పోయిన మనవారి చరిత్ర మనకు తెలిసినంతవఱకు దుఃఖచరిత్రయే. నేటాలు, ఫిజీ, బర్మా, మలయా అను పేరులు వినగానే ఒడంబడికలును, కంకాణీలును, కొరడాలును జ్ఞప్తికి వచ్చును. ఆ దుఃఖము సత్యమే. కాని కూలికి పోయినవారి మనుమలు ఒక రాజ్యమును నిర్మించి, దాని ఖజానాను, న్యాయస్థానములను, పాఠశాలలను తామే నడుపుకొనుచున్న దేశము కూడ ఒకటి కలదు. ఆఫ్రికాఖండమునకు తూర్పున హిందూమహాసముద్రమధ్యమున నున్న మారిషస్ దీవియే అది. ఐక్యరాజ్యసమితివారు దేశములను విభజించునపుడు దానిని తూర్పు ఆఫ్రికాలోనే చేర్చుచున్నారు.

ఈ కథ వెంకటగిరికోట, కుప్పము, పుంగనూరు ప్రాంతములవారికి బొత్తిగా పరాయిది కాదు. మనకు సమీపముననే యున్న కోలారు బంగారుగనులలో, 1880లో తెల్లదొరల కంపెనీ వచ్చినది మొదలు 2001లో గనులు మూతపడువఱకు, మన పల్లెలవారును అరవ పల్లెలవారును మేస్త్రీల చేతిక్రింద భూగర్భమున పనిచేసిరి. 1911లో చిత్తూరు జిల్లా యేర్పడకమునుపు వెంకటగిరికోట చేరియుండిన ఉత్తర ఆర్కాడు జిల్లా, మదరాసు రేవునుండి నేటాలు చెఱకుతోటలకు పోయిన కూలీలను విశేషముగ నిచ్చిన జిల్లాలలో నొకటి. చెఱకు గానుగ యనిన మన జిల్లావారికి వేఱుగ చెప్పవలసినది లేదు. బెల్లపు ధర నిర్ణయించువాడెవడు, చెఱకు పండించువాడెవడు అను తగవు మనకు నిత్యానుభవమే. మారిషస్ రాజకీయము ఆ తగవులోనుండియే పుట్టినది.

1834 నవంబరు 2వ తేదీన 'అట్లాస్' అను ఓడలో 36 మంది కూలీలు పోర్టులూయీ రేవున దిగిరి. తరువాతి సంవత్సరము ఫిబ్రవరి 1వ తేదీన ఆ దీవిలో బానిసత్వము చట్టరీత్యా రద్దయ్యెను. బానిసలు విడిచిన పొలములను సాగుచేయుటకు హిందూదేశమునుండి మనుష్యులను తెప్పించు పద్ధతి అంతకంతకు పెరిగి, సుమారు 4 లక్షల 50 వేల మంది ఆ రేవున దిగిరి. వారు దిగిన మెట్లు ఆప్రవాసి ఘాట్ అను పేర నేటికిని నిలిచియున్నవి. 2006లో వానిని ప్రపంచవారసత్వస్థలముగ గుర్తించిరి. అధికసంఖ్యాకులు భోజపురి మాటలాడు బీహారు ప్రాంతమువారు. తక్కినవారిలో అరవలు, మహారాష్ట్రులు, తెలుగువారు. మన తెలుగువారిని అక్కడివారు 'కోరంగి'వారనిరి. కాకినాడ దగ్గఱనున్న కోరంగి రేవునుబట్టి వచ్చిన పేరిది. 1839 తుపానులో ఆ రేవు నాశనమయ్యెను గాని, పేరుమాత్రము సముద్రమునకు ఆవలి యొడ్డున మిగిలిపోయెను. గంజాము, విశాఖపట్టణము, గోదావరి ప్రాంతములనుండి పోయినవారు తమతో సింహాద్రి అప్పన్నను, అమ్మోరును, రామభజనను తీసికొనిపోయిరి. చిట్టాలో పేరు వ్రాసికొన్న గుమాస్తా పరంగి చెవితో విన్నది విన్నట్లు వ్రాసెను. తండ్రిపేరు ఇంటిపేరయ్యెను. అప్పటినుండి ఆ వక్రోచ్చారణయే వంశనామమై నిలిచినది.

ఒడంబడిక నిబంధనలు ఎట్టివో ఒక్క మాటలో చెప్పవచ్చును: ఒక దినము పనికి రానివానికి రెండు దినముల కూలి కోతపడెడిది. ఒడంబడిక తీఱినవాడు కూడ స్వేచ్ఛగ తిరుగుటకు వీలులేదు. 1867 చట్టము ననుసరించి వాడు తన ఛాయాపటముగల చీటీని వెంట నుంచుకొనవలెను. అది లేనిచో దేశదిమ్మరియని ఖైదు. ఈ యన్యాయముమీద మొదట కలము పట్టినవాడు మనవాడు కాడు. అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ అను జర్మను జాతీయుడు. మామగారి తోటకు పెత్తనము చేయుచుండిన ఆ పెద్దమనిషి, తన తరగతివారి కోపమును లెక్కింపక, 1871లో 9401 మంది పాతకూలీల పక్షమున మహజరు వ్రాసి దొరతనమువారికి పంపెను. అందుకు ప్రతిఫలముగ నడివీధిలో తోటదొరల పక్షమువారిచేత దెబ్బలు తినెను. కాని 1872లో రాజకీయవిచారణసంఘము రాక తప్పలేదు. 1875లో వెలువడిన నివేదిక మహజరులోని ఫిర్యాదులను చాలవఱకు నిజమని తేల్చెను. భూస్వామివర్గమునుండియే ఒకడు లేచి కూలివాని పక్షమున సాక్ష్యము చెప్పుట ఏ దేశముననైనను అరుదు.

1901 అక్టోబరు నెలాఖరున, దక్షిణాఫ్రికానుండి స్వదేశమునకు వచ్చుచుండిన గాంధీగారి యోడ పోర్టులూయీలో ఆగినది. ఆయన అక్కడ మూడువారములకు లోపుగ నుండెను. పిల్లలను చదివింపుడు, రాజకీయములలో పాల్గొనుడు అని ఆయన చేసిన హెచ్చరిక వారిలో నాటుకొనెను. ఆయన ప్రోద్బలముననే 1907లో బారిస్టరు మణిలాల్ డాక్టరుగారు అక్కడకు వెళ్లి, కోర్టులలో కూలీల పక్షమున వాదించి, 1909లో 'హిందూస్థానీ' యను పత్రికను నెలకొల్పిరి. వీరు అక్కడనుండినది నాలుగేండ్లే. కాని తలపాగాతో న్యాయస్థానమున నిలిచి దొరకు ఎదురు సమాధానము చెప్పగల హిందువు ఒకడున్నాడని కూలిజనము కన్నులార చూచినది.

ఈలోపల మఱియొక మార్పు నిశ్శబ్దముగ జరిగెను. 1880 ప్రాంతమునుండి చక్కెర ధరలు పడిపోగా, తోటదొరలు తమ భూములలోని నాసిరకపు తునకలను ముక్కలుచేసి అమ్మసాగిరి. కడుపు కట్టుకొని కూడబెట్టిన కూలీలు వానిని కొనిరి. కొంతకాలమునకు చెఱకుభూమిలో మూడవవంతుకు మించినది హిందువుల సేద్యములోనికి వచ్చెను. అయితే గానుగమాత్రము దొరదే. పండించినవాడు కోసిన చెఱకును గానుగకే తోలవలెను. గానుగవాడు చెప్పినదే ధర.

1937లో గానుగలవారు 'ఊబా' అను జాతి చెఱకునకు నూటికి 15 చొప్పున ధర తగ్గించిరి. ఆ జాతిని ఎక్కువగ పండించువారు చిన్నరైతులే. రైతులును కూలీలును కలిసి కదలిరి. ఆగస్టు 13వ తేదీన యూనియన్ ఫ్లాక్ అను తోటలో తుపాకులు పేలి నలుగురు మరణించిరి. ఆ తోట యజమాని తెల్లదొర కాడు. అది గుజాధరు వంశమువారిది. ఆ వంశమువాడగు రాజ్‌కుమార్ గుజాధరు 1926లో శాసనసభకు మొట్టమొదట ఎన్నికైన ఇద్దఱు హిందువులలో నొకడు. స్వజాతివాడు యజమానియైనంతమాత్రమున కూలివాని కడుపు నిండదని, శాసనసభలో స్వజాతివాని ముఖము కనబడినంతమాత్రమున న్యాయము జరుగదని ఆ ఒక్క దినమే నేర్పినది. మన గ్రామములలోని భూస్వాములు ఈ సంగతిని ఊరక చదివి విడువరాదు.

కూలీల బాధలకు రాజకీయరూపము నిచ్చినది 1936 ఫిబ్రవరిలో డాక్టరు మారిస్ క్యూరేగారు స్థాపించిన కార్మికపక్షము. వీరు క్రియోలు, అనగా మిశ్రజాతీయులు. వీరితో చేయికలిపిన ఇమాన్యుయేల్ ఆంక్తిల్‌గారును క్రియోలే. పండితుడు సహదేవుగారు హిందువు. 1938లో రేవుకూలీల సమ్మె జరుగగా, ఆంక్తిల్‌గారిని దొరతనమువారు రోడ్రిగ్స్ దీవికి ప్రవాసము పంపిరి. కొందఱు మనవారు మారిషస్ స్వాతంత్ర్యమును హిందువులు మాత్రమే తెచ్చినట్లు చెప్పుకొనుచుందురు. అది కృతఘ్నత. బానిసల మనుమడును, కూలివాని మనుమడును ఒక జెండాక్రింద నిలువకుండిన, ఆ దీవి ఆనాడే రెండు చీలికలై యుండెడిది.

1943 సెప్టెంబరు 27వ తేదీన బెల్‌వ్యూ హారెల్ తోటలో సమ్మెచేయుచుండిన కూలీలమీద పోలీసులు కాల్చిరి. మరణించిన నలుగురిలో అంజలై కుప్పన్ అను గర్భవతి యొకతె. ఈమె నాయకురాలు కాదు. ఉపన్యాసమిచ్చి యెఱుగదు. ఐనను నేడు ఆ దేశపు ప్రధానక్రీడాస్థలములలో నొకటి ఈమె పేర నిలిచియున్నది.

ఆ సంవత్సరములలోనే లాహోరు, కలకత్తాలలో చదివి 1939లో తిరిగివచ్చిన బసుదేవ విష్ణుదయాళుగారు ఊరూర సభలు జరిపి, పలుమాఱులు చెఱసాలకు పోయిరి. వీరు చేసిన పనులలో కెల్ల మాకు మిక్కిలి గొప్పదిగ దోచునది చాల చిన్నదిగ కనబడును. 1947లో వచ్చిన క్రొత్త రాజ్యాంగము, ఏ భాషలోనైనను చదువను వ్రాయను నేర్చినవానికి ఓటిచ్చెను. ఆ భాషలలో తెలుగు నొకటి. అంతట విష్ణుదయాళుగారి స్వయంసేవకులు దీపాలవేళ కూలిలైనులకు పోయి, పగలెల్ల చెఱకు నఱికి కాయలు కాచిన చేతులకు పలక బలపములిచ్చి, ఓటుకు కావలసిన నాలుగక్షరములు నేర్పిరి. అంతకుముందు సుమారు 12 వేలుగనున్న ఓటర్లు 1948 ఎన్నికలనాటికి 70 వేలకు మించిరి. ఎన్నికచేయబడిన 19 స్థానములలో 11 హిందూదేశసంతతివారికి వచ్చెను. అక్షరాస్యత పరీక్షను జనులను వెలివేయు కంచెగ నాటినవారు, ఆ కంచెనే నిచ్చెనగ మార్చుకొన్నవారిని చూచి నివ్వెఱపోయిరి.

శివసాగర రామగులాంగారి పేరు ఇంతవఱకు ఎత్తకుండుట బుద్ధిపూర్వకమే. స్వాతంత్ర్యసౌధమునకు వీరొక్కరే స్థపతియని వ్రాయువారు చాలమంది కలరు గాని, పునాదులు పైన చెప్పినవారివి. 1900లో ఒక బీహారు కూలివాని యింట పుట్టి, బాల్యముననే ఒక కన్ను పోగొట్టుకొని, లండనులో వైద్యము చదివి 1935లో తిరిగివచ్చిన ఈయన ఉద్రేకి కాడు, ఓర్పుగలవాడు. 1967 ఆగస్టు ఎన్నికలలో స్వాతంత్ర్యపక్షమునకు నూటికి 56 ఓట్లు మాత్రమే వచ్చినవి. తక్కిన 44 మంది స్వాతంత్ర్యమునకు భయపడినవారే. ఇట్టి దేశమును 1968 మార్చి 12న, మన దండియాత్ర మొదలైన తేదీననే, స్వతంత్రముచేసి, ఓడినపక్షమువారి నాయకుడు గయెతాన్ ద్యువాల్‌గారినే మరుసటి సంవత్సరము మంత్రివర్గములో చేర్చుకొనుట రాజనీతి. 1961లో ఆంగ్లేయ ఆర్థికశాస్త్రజ్ఞుడు జేమ్స్ మీడ్‌గారు, జనము పెరుగుచున్నారు, చక్కెర తప్ప వేఱు ఆధారము లేదు, ఈ దీవికి మంచిదినములు దుర్లభమని వ్రాసిరి. 1970లో ఎగుమతి పరిశ్రమల చట్టమును, 1975లో ఐరోపావారితో చక్కెర ఒడంబడికయును, 1977లో ఉన్నతపాఠశాలలలో ఉచితవిద్యయును వచ్చి ఆ జోస్యమును త్రోసివేసినవి.

అయినను రెండు నేరములు రామగులాంగారి లెక్కలో వ్రాయక తప్పదు. స్వాతంత్ర్యమునకు ముందు, 1965లో, చాగోస్ దీవులను ఆంగ్లేయులు వేఱుచేసికొనుటకు ఆయన తలయొగ్గెను. అక్కడివారు జన్మస్థలమునుండి వెడలగొట్టబడిరి. 2019లో అంతర్జాతీయ న్యాయస్థానము ఆ విభజన ధర్మవిరుద్ధమని చెప్పువఱకు, 2025 మే నెలలో బ్రిటనుతో ఒడంబడికపై సంతకములగువఱకు, ఆ గాయము మానలేదు. రెండవది, 1971లో అత్యవసరపరిస్థితి ప్రకటించి ఎన్నికలను 1976వఱకు వాయిదావేసి, ప్రతిపక్షులను ఖైదుచేయుట. దానికి ప్రజలు 1982లో సమాధానము చెప్పిరి: ప్రధానదీవిలోని 60 స్థానములలో ఒక్కటియు ఆయన పక్షమునకు రాలేదు. ఆయన మాఱుమాటాడక పదవి విడిచెను.

ఆ ఖైదులలో ఒక తెలుగువాడుండెను. దేవ్ వీరస్వామిగారు 1942లో తెలుగుకుటుంబమున జన్మించి, ఎడిన్‌బరోలో భాషాశాస్త్రము చదివి, 1969లో పాల్ బెరాంజె మొదలగువారితో కలిసి సమరపక్షమును స్థాపించి, 1970 ఉపయెన్నికలో దాని మొదటి శాసనసభ్యుడయ్యెను, 1972లో చెఱసాలపాలయ్యెను. రాజకీయములలో ఆయన నిలిచినది తక్కువ. ఆయన స్థిరమైన పని వేఱు. మారిషస్‌లో అన్ని జాతులవారును ఇంటను బయటను మాటలాడునది క్రియోలు భాష. ఫ్రెంచి విఱిచిన యాసయని పండితులు దానిని ఏవగించుకొనుచుండగా, అది భాషయే, అదియే ఈ జాతికి మాతృభాష యని ఈయన 1967నుండి వాదించి, దానికి లేఖనపద్ధతిని కల్పించి, అందులో నాటకములు వ్రాసెను. ఆయన 'లీ' అను నాటకమునకు 1981లో ఫ్రెంచి రేడియోవారి బహుమానము వచ్చెను.

ఒక తెలుగువాడు తన మేధనంతయు తెలుగునకు గాక క్రియోలునకు ధారపోసెనని నిష్ఠురమాడువారు కలరు. అరవము, కన్నడము, తెలుగు ఒకే సంతలో కలగలసి వినబడు వెంకటగిరికోటవారు ఆ నిష్ఠురమును సులభముగ అంగీకరింపరనుకొందుము. పొరుగువానితో ఏ భాషలో బేరమాడుదుమో ఆ భాష పరాయిది కాదు. అయితే నిష్ఠురమునకు ఆధారము లేకపోలేదు. మారిషస్ కరెన్సీనోట్లపై ఆంగ్లముతోపాటు అరవమును, హిందీయును కలవు. 1998లో హిందీని అరవముకంటె ముందు అచ్చువేసినందుకు అరవలు ఆందోళనచేయగా ఆ నోట్లనే వెనుకకు తీసికొనిరి. తెలుగు ఆ నోట్లమీద ఎన్నడును లేదు. ఉగాది సెలవుదినమే, మహాత్మాగాంధీ విద్యాలయమున తెలుగు బోధింపబడుచున్నది, 1990 డిసెంబరులో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడనే జరిగినవి. కాని ఇండ్లలో తెలుగు మాటలాడువారు మిక్కిలి కొద్ది.

వీరస్వామిగారు 2023 నవంబరులో గతించిరి. ఆయన కోరిక అంతకు పూర్వమే, 2012లో, కొంతవఱకు నెరవేఱెను: ప్రాథమికపాఠశాలలలో క్రియోలును బోధనాంశముగ ప్రవేశపెట్టిరి. హిందీ, ఉర్దూ, అరవము, తెలుగు, మరాఠీ మొదలగు ఐచ్ఛికభాషల వరుసలోనే దానికి చోటిచ్చిరి. ఆ వరుసనుండి పిల్లవాడు ఒక్కదానినే యెన్నుకొనవలెను. కావున కోరంగివారి సంతతిలోని తండ్రి తన బిడ్డను ఒకటవ తరగతిలో చేర్చునపుడు, తెలుగు పంతులుగారి గదికి పంపవలెనా, తెలుగువాడే లిపికట్టిన క్రియోలు నేర్చు గదికి పంపవలెనా యని నేడు గుమ్మమున నిలిచి ఆలోచింపవలసివచ్చినది.