వార్తల్లో పదం: గ్రాబ్ శాంప్లర్

సముద్రం బాగుందో లేదో తేల్చడానికి నీళ్లు పట్టి చూస్తే చాలదు. నీరు ఆటుపోట్లకు కదిలిపోతుంది. అడుగున పేరుకున్న బురద మాత్రం ఏళ్ల తరబడి లెక్క దాచుకుంటుంది. సీసం, కాడ్మియం, పాదరసం లాంటి లోహాలు సన్నని బంకమట్టి రేణువులను అంటిపెట్టుకుంటాయి మరి.

ఆ బురదను తీసేదే గ్రాబ్ శాంప్లర్. రెండు ఇనుప దోసిళ్లు తెరుచుకుని పడవ మీంచి తాడుతో దిగుతాయి. అడుగు తగలగానే కొక్కెం ఊడుతుంది. తాడు లాగితే మట్టిని కరచుకుని మూసుకుంటాయి. మధ్యలో చిన్న రాయి ఇరుక్కుందా, పైకి వచ్చేసరికి బురదంతా జారిపోతుంది. మళ్లీ వేయాల్సిందే. లోహాల పరీక్షకు పైపొరను ప్లాస్టిక్ గరిటెతోనే తీస్తారు. ఇంకో నమూనాను జల్లెడలో కడిగి పురుగులు లెక్కపెడతారు. కాపిటెల్లా అనే పురుగు ఒక్కటే కుప్పలుగా కనిపిస్తే మురుగు ముదిరిందని అనుమానించాలి.

1933లో తెరిచిన విశాఖ లోపలి హార్బరులో అలల తాకిడి తక్కువ, వచ్చిన వ్యర్థం అక్కడే కూరుకుంటుంది. అందుకే పరిశోధకుల చూపు దానిమీద.

సూర్యాపేట జిల్లా మునగాల వైపు వాళ్లకు సముద్రంతో పనేమిటంటారా? హైదరాబాద్ మురుగు మోసే మూసీ సూర్యాపేట మీదుగా పారి, మిర్యాలగూడ దిగువన వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఆ కృష్ణ హంసలదీవి దగ్గర బంగాళాఖాతం చేరుతుంది. అయితే ఒండ్రులో చాలా భాగం దారిలోని జలాశయాల్లోనే ఆగుతుంది కనుక, గ్రాబ్‌ను ముందు పులిచింతలలో దించి చూడాలన్నది నా మాట.