కారు ముందు దీపము: బల్బు నెన్నుకొనుట, మార్చుకొనుట

గత సంవత్సరము మన పాఠశాల వార్షికోత్సవము ముగియునప్పటికి రాత్రి ఎనిమిది గంటలు దాటినది. పిల్లలను వెంటబెట్టుకొని తల్లిదండ్రులు ఇండ్లకు మరలుచుండిరి. నేను గేటు వద్ద నిలిచి యుంటిని. ఎనిమిదవ తరగతి విద్యార్థి యొకడు సైకిలుపై పోవుచు, దారిలో నిలిచియున్న లారీని తప్పించుకొనుటకై రోడ్డు నడుమకు వచ్చెను. ఎదుట నుండి ఒకే యొక దీపము, రోడ్డు ఆవలి యంచున, వచ్చుచుండెను. మోటారు సైకిలు కాబోలునని, తనకు చాలినంత త్రోవ కలదని వాడు తలచెను. కాని అది మోటారు సైకిలు కాదు. కుడివైపు దీపము ఆరిపోయిన కారు. దానిని నడుపువారు సమయమునకు బ్రేకు వేయుటచే జానెడు దూరమున ప్రమాదము తప్పినది.

ఆ కారువారును మన విద్యార్థి తండ్రియే. వారు మిగుల నొచ్చుకొని, "బల్బు పోయి పది రోజులైంది మాస్టారూ, షెడ్డుకు వెళ్ళే తీరిక దొరకలేదు" అనిరి. ఆ బల్బు వెల కొన్ని వందల రూపాయలకు మించదు. మార్చుటకు పట్టు సమయము పది పదునైదు నిమిషములు. అయినను, ఇది మెకానిక్కు చేయవలసిన పనియని మనలో పలువురు తలచుచున్నాము. కారుతో ఇచ్చు పుస్తకము ఇంగ్లీషులో నుండుటచే మన హోసూరు ప్రాంతపు తెలుగు కుటుంబములలో అనేకులు దానిని తెరువక అరలోనే యుంచుచున్నారు. అందుచేత ఆ విషయమును తెలుగున వివరించుట ఉపయుక్తమని తోచి ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

బల్బు నిర్మాణము

నేడు మన రోడ్లపై తిరుగు చిన్న కార్లలో చాలవాటికి హాలొజన్ బల్బులే కలవు. ఇందు టంగ్‌స్టన్ లోహపు సన్నని తీగ విద్యుత్తుచే కాలి వెలుగునిచ్చును. మామూలు బల్బులో ఆ తీగ నుండి లోహము ఆవిరియై గాజు లోపలి గోడకు అంటుకొనును. అందుచేత గాజు నల్లబడును, తీగ సన్నబడి తుదకు తెగిపోవును. హాలొజన్ బల్బులో అయొడిన్ గాని బ్రోమిన్ గాని కొద్దిపాటి ఉండును. అది ఆవిరియైన లోహముతో కలసి, దానిని తిరిగి తీగకే చేర్చును. కావున గాజు నల్లబడదు. తీగను మరింత వేడిగా కాల్చి ఎక్కువ వెలుగును పొందవచ్చును. ఈ క్రియకు గాజు మిక్కిలి వేడిగా నుండవలెను గనుక, సామాన్యపు గాజునకు బదులు క్వార్ట్జు వంటి వేడికి తాళు పదార్థమును వాడుదురు. ఇట్టి బల్బులు ఐరోపాలో 1962లో కార్లకు వచ్చినవి. ఒకే బల్బులో రెండు తీగలు గల హెచ్ 4 అను రకము 1971లో వచ్చినది. ఆల్టో, వ్యాగన్ ఆర్ వంటి కార్లలో పెక్కింటికి ఈ హెచ్ 4 రకమే వాడబడినది.

హెచ్ 4 బల్బునందలి ఒక తీగ దూరపు వెలుగునకు, అనగా బ్రైటుకు. రెండవది దించిన వెలుగునకు, అనగా డిమ్ముకు. డిమ్ము తీగ క్రింద చిన్న లోహపు దొన్నె యొకటి అమర్చబడి యుండును. దీపము వెనుకనున్న అద్దము క్రింది భాగమునకు ఆ తీగ వెలుగు పోకుండ ఇది అడ్డుపడును. అట్లు అడ్డుపడకున్న యెడల ఆ వెలుగు అద్దమున పడి పైకి మరలి, ఎదుటివాని కన్నులలో పడియుండును. కావున ముందు దీపములో వెలుగు ఎంత యున్నదనుట యొక్కటే ముఖ్యము కాదు. ఎచ్చట పడుచున్నదనుటయు అంతే ముఖ్యము. ఇది గుర్తుంచుకొనిన, బల్బు నెన్నుకొనుటలో పొరపాటు జరుగదు.

ఎన్నుకొను విధము

పాత బల్బు లోహపు అడుగు భాగమును చూచినచో మూడు విషయములు చెక్కబడి యుండును. మొదటిది రకము: హెచ్ 4, హెచ్ 7, హెచ్ 11 మొదలగునవి. రెండవది వోల్టులు: కార్లకు 12. మూడవది వాట్లు: హెచ్ 4 బల్బునకు 60/55, అనగా బ్రైటుకు 60, డిమ్ముకు 55. హెచ్ 7 బల్బునకు ఒకే తీగ, 55 వాట్లు. ఈ మూడును సరిపోయిన బల్బునే కొనవలెను. ఇంగ్లీషు రానివారును ఈ అంకెలను పోల్చి చూడవచ్చును. పాత బల్బును జేబులో వేసుకొని దుకాణమునకు పోవుట అన్నిటికంటె సులభము. వలయములో ఇ అను ఇంగ్లీషు అక్షరమును, ప్రక్క నొక అంకెయు గల ముద్ర యున్నచో అది అంతర్జాతీయ ప్రమాణముల ననుసరించి ఆమోదింపబడినట్లు గుర్తు.

దుకాణములలో 100/90 వాట్ల బల్బులును దొరకును. కొన్ని సంవత్సరముల క్రిందట నేనును ఎక్కువ వెలుగు వచ్చునను ఆశతో వాటిని వేయించితిని. రెండు నెలలైనను కాకమునుపే, శూళగిరి దాటి వానలో వచ్చుచుండగా కాలిన వాసన వచ్చి ఒక దీపము ఆరిపోయెను. తెరచి చూడగా బల్బు బాగుగనే యుండెను. దాని వెనుక తగిలించు ప్లాస్టిక్ ప్లగ్గు కరగి ముద్దయైనది. లెక్క వేసినచో కారణము తెలియును. 12 వోల్టుల వద్ద 60 వాట్లకు 5 ఆంపియర్ల విద్యుత్తు ప్రవహించును. 100 వాట్లకు 8 ఆంపియర్లకు పైగా ప్రవహించును. తీగెలలో పుట్టు వేడి ప్రవాహపు వర్గమును బట్టి హెచ్చును గనుక, ఆ తీగెలలో వేడి రెండున్నర రెట్లకు మించును. కారు తీగెలు అంత భారమునకు ఉద్దేశింపబడినవి కావు. ఆ రాత్రి నా కారులో ఇద్దరు పిల్లలు నిద్రించుచుండిరి. లెక్కలు బోధించు వాడనై యుండియు ఈ లెక్క ముందుగా వేయనైతినని సిగ్గుపడితిని.

నీలిరంగు పూసిన బల్బులు చూచుటకు తెల్లగా మెరయును. కాని ఆ పూత కొంత వెలుగును అడ్డగించును గనుక, రోడ్డుపై పడునది పెరుగదు. ఇక హాలొజన్ దీపములో అమర్చునట్లు అమ్ము ఎల్.ఇ.డి. బల్బుల మాట. పైన చెప్పిన దొన్నెను, తీగ ఉండు స్థానమును అనుసరించియే ఆ దీపపు అద్దము రూపొందింపబడినది. వెలుగు పుట్టు చోటు కొద్దిగా మారినను వెలుగు చెదరి ఎదుటివాని కన్నులలో పడును. కంపెనీవారు ఎల్.ఇ.డి. కొరకే నిర్మించిన దీపములు వేరు; అవి మంచివి. హాలొజన్ కొరకు చేసిన దీపములో దానికి తగిన బల్బునే వాడుట క్షేమము.

కేంద్ర మోటారు వాహన నియమావళి, 1989 ప్రకారము ముందు దీపపు వెలుగు ఎదుటివారికి మిరుమిట్లు గొలుపకుండ క్రిందికి దించబడి యుండవలెను. ఇది చట్టమునకు వెరచి మాత్రమే పాటింపవలసినది కాదు. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు కారు సెకనుకు సుమారు 17 మీటర్లు సాగును. కండ్లు బైర్లు క్రమ్మిన రెండు సెకనులలో ఎదుటివారు 30 మీటర్లకు పైగా గ్రుడ్డిగా నడపుదురు. వయస్సు మీరిన కొలది కన్నులు తేరుకొనుటకు మరింత సమయము పట్టును. ఇది నా అనుభవములోనిదే.

వెలుగు తగ్గినదని తోచినప్పుడు పెద్ద బల్బు కొనుటకు ముందు మరి రెండు చూడవలెను. దీపపు ముందరి ప్లాస్టిక్ మూత ఎండకు పసుపు పచ్చబడినచో క్రొత్త బల్బు వేసినను ప్రయోజనము లేదు. మూతను మెరుగు పెట్టించవలెను. రెండవది, ప్లగ్గు లోపలి రేకులు త్రుప్పు పట్టిన యెడల బల్బునకు చేరు వోల్టులు తగ్గును. వోల్టులు పదింట ఒక వంతు తగ్గినచో వెలుగు సుమారు పదింట మూడు వంతులు తగ్గును.

మార్చు విధము

ముందుగా లోపము బల్బులోనే యున్నదా యని తెలిసికొనవలెను. ఒక వైపు దీపము మాత్రమే ఆరినచో సాధారణముగా బల్బు తీగ తెగియుండును. రెండు వైపులు ఒకేసారి ఆరినచో ఫ్యూజు, రిలే, స్విచ్చి వీనిలో లోపముండుట సంభవము.

1. కారును చదునైన చోట గోడ కెదురుగా సుమారు 10 మీటర్ల దూరమున నిలుపవలెను. వెలుగుచున్న దీపమును డిమ్ములో నుంచి, గోడపై వెలుగునకు చీకటికి నడుమనున్న గీతను సుద్దముక్కతో గుర్తింపవలెను.

2. దీపములను, ఇంజనును ఆపి, తాళపు చెవిని తీసివేయవలెను. హాలొజన్ బల్బు చేయి కాలునంత వేడిగా నుండును గనుక బాగుగా చల్లారువరకు ఆగవలెను.

3. బానెట్టు తెరచి దానికి ఊతకడ్డీ పెట్టవలెను. దీపము వెనుకనున్న ప్లగ్గును, తీగెలను పట్టి కాక, ప్లగ్గునే పట్టి మెల్లగా వెనుకకు లాగవలెను. పిమ్మట నల్లని రబ్బరు మూతను తీయవలెను.

4. బల్బును పట్టియుంచు స్ప్రింగు తీగను కొంచెము నొక్కి, ప్రక్కకు జరిపినచో అది విడివడును. విడుచుటకు ముందు అది ఎట్లు కూర్చున్నదో చక్కగా చూచుకొనవలెను. ఇప్పుడు పాత బల్బు తిన్నగా వెనుకకు వచ్చును.

5. క్రొత్త బల్బును లోహపు అడుగు వద్దనే పట్టుకొనవలెను. గాజును వ్రేళ్ళతో తాకరాదు. చేతి జిడ్డు గాజున కంటినచో అచ్చట వేడి అధికమై గాజు పాడగును; బల్బు త్వరగా పోవును. పొరపాటున తాకినచో స్పిరిటులో తడిపిన శుభ్రమైన గుడ్డతో తుడిచి, ఆరిన తరువాత వాడవలెను.

6. హెచ్ 4 బల్బు చుట్టునున్న బిళ్ళకు మూడు పలుకులు కలవు. అవి ఒకే విధముగ కూర్చుండును. కూర్చుండనిచో బలవంతము చేయక త్రిప్పి చూడవలెను. వంకరగా కూర్చున్న బల్బు సరియైనదైనను వెలుగును తప్పుచోట పడవేయును.

7. స్ప్రింగును బిగించి, రబ్బరు మూతను చుట్టును సందు లేకుండ నొక్కి, ప్లగ్గు తగిలింపవలెను. మూత వదులైనచో వాననీరు, దుమ్ము లోపలికి చేరి అద్దమును చెరచును.

బానెట్టు మూయుటకు ముందే డిమ్మును, బ్రైటును వెలిగించి చూడవలెను. తరువాత గోడపై సుద్దగీతతో పోల్చవలెను. రెండు దీపముల వెలుగు పై అంచు ఇంచుమించు ఒకే ఎత్తున నుండవలెను. సాధారణముగా 10 మీటర్ల దూరమున ఈ అంచు దీపపు మధ్యభాగము కంటె సుమారు 10 సెంటీమీటర్లు క్రిందుగా నుండును. మన దేశమున రోడ్డునకు ఎడమవైపున నడచుదుము గనుక ఎడమ ప్రక్కన వెలుగు కొంచెము పైకి లేచియుండుట లోపము కాదు. రోడ్డు అంచున నడచువారు కనబడుటకే ఆ యేర్పాటు. ఒక బల్బు పోయినప్పుడు రెండవదియు అంతే కాలము కాలినదని గ్రహించి రెంటిని కలిపి మార్చుట మేలు. తీసిన రెండవ బల్బు బాగుగా నున్నచో దానిని పెట్టెలో నుంచి కారులో దాచుకొనవచ్చును.

స్వయముగా చేయరానివి

ప్లగ్గు కరగియున్నను, క్రొత్త ఫ్యూజు వెంటనే పోవుచున్నను ఎలక్ట్రీషియను వద్దకు పోవలెను. జినాను దీపములు వెలుగుటకు వేల వోల్టులు అవసరమగును గనుక వాటిని తాకరాదు. కంపెనీ అమర్చిన ఎల్.ఇ.డి. దీపములలో అనేకమునకు విడిగా మార్చు బల్బు ఉండదు. కొన్ని కార్లలో చేయి దూరు చోటు లేక బంపరునే విప్పవలసి యుండును. అట్టివి షెడ్డుకు విడుచుటయే మంచిది.

తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే. నెలకొక సాయంకాలము కారును గోడ కెదురుగా నిలిపి నాలుగు దీపములను, ముందువి రెండు, వెనుకవి రెండు, వెలిగించి చూడుడు. మీ పిల్లవానిని పిలిచి వెనుక దీపము వెలుగుచున్నదో లేదో చెప్పుమనుడు. బల్బు మార్చునప్పుడు ఈ వ్యాసమును వానిచే బిగ్గరగా చదివించుడు. వానికి తెలుగు చదువుటయు, విజ్ఞాన పాఠమును, రెండును కలసి వచ్చును. ఆనాడు లారీ ప్రక్క నుండి వచ్చిన బాలుడు ఈ సంవత్సరము తొమ్మిదవ తరగతి చదువుచున్నాడు. నేటికిని రాత్రివేళ వాడు ఒంటి దీపమును చూచినచో సైకిలు దిగి రోడ్డు అంచున నిలుచును. మన కార్ల విషయమున వానికి ఆ భయము కలుగకుండ చూచుట మన పని.