మీకు తెలుసా? ఆరిన కొలుములూ మళ్లీ రాజుకున్న కొలుములూ

● 1750 ప్రాంతంలో ప్రపంచం మొత్తం మీద తయారైన సరుకులో దాదాపు నాలుగో వంతు మన దేశానిదే! 1900 నాటికి ఆ వాటా వందకు రెండు కూడా లేదు. ఈ లెక్క కట్టింది పాల్ బైరోక్ అనే ఆర్థిక చరిత్రకారుడు. మన మగ్గం బట్ట మాంచెస్టర్ మిల్లు బట్ట ముందు ఓడిపోయింది, సుంకాల కళ్లేలు తెల్లదొరల చేతుల్లో ఉండటంతో అడ్డుకునే దారీ లేకపోయింది.

● విదేశీ సరుకు ఆపేసి సొంత పనివాళ్లను కాపాడుకోవడం ఈమధ్య పుట్టిన ఆలోచన అనుకుంటున్నారా? ఫ్రాన్స్ 1686లోనే ఆ పని చేసింది! నిషేధం పడింది ఎవరి మీదో ఊహించండి. మచిలీపట్నం లాంటి రేవుల నుంచి ఓడలెక్కిన మన అద్దకం బట్టల మీద! ఫ్రాన్స్‌లోని పట్టు, ఉన్ని నేతగాళ్లు గగ్గోలు పెట్టడంతో 1759 దాకా, అంటే 73 ఏళ్లు ఆ తలుపు మూసే ఉంచారు. ఇంగ్లండ్‌లో 1721 నాటి చట్టం ఇంకా గట్టిది. అద్దకం నూలుబట్ట కట్టుకుని కనిపిస్తే 5 పౌన్ల జరిమానా!

● డబుల్ డెక్కర్ బస్సు బాడీ, ఫ్రిజ్, చేతి గడియారం. ఈ మూడూ చేసిన ఒకే ఒక్క హైదరాబాద్ కంపెనీ ఏది? ఇంట్లో తాతయ్యనడగండి, తడుముకోకుండా చెప్పేస్తారు: ఆల్విన్! 1942లో మొదలైన ఈ సంస్థ తర్వాత ముక్కలై, ఒక్కో విభాగం ఒక్కో చోటికి పోయింది.

● 1982 జనవరి 18న బొంబాయి బట్టల మిల్లుల్లో మొదలైన సమ్మెను ఇప్పటికీ ఎవరూ అధికారికంగా విరమించలేదు! దత్తా సామంత్ నాయకత్వంలో దాదాపు రెండున్నర లక్షల మంది పని ఆపేశారు, మన తెలంగాణ నుంచి వలస వెళ్లిన పద్మశాలి కుటుంబాలు కూడా ఆ మిల్లులనే నమ్ముకుని బతికేవి. చాలా మిల్లులు మళ్లీ తెరుచుకోలేదు. ఫీనిక్స్ మిల్లు ఉన్న చోట ఇప్పుడు మెరిసిపోయే మాల్ ఉంది.

● ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైనది. కొత్తపేట అనే చిన్న పల్లెను ఒక ఫ్యాక్టరీ ఏకంగా కాగజ్‌నగర్‌గా మార్చేసింది! నిజాం కాలపు సిర్పూర్ పేపర్ మిల్లు అది. ఊరి దుకాణాలు, బడులు, పెళ్లి సంబంధాలు అన్నీ దాని చుట్టూనే తిరిగేవి. 2014 సెప్టెంబరులో యంత్రాలు ఆగిపోయాయి. ఒక మిల్లే ఊరంతటికీ ఆధారమైన చోట నాలుగేళ్లు జీతాల్లేకపోవడం ఎంత నరకమో ఊహించుకోండి! దివాలా ప్రక్రియలో జేకే పేపర్ సంస్థ కొనుక్కున్నాక, 2018లో తలుపులు మళ్లీ తెరుచుకున్నాయి. మూతపడ్డ మిల్లుకు పాత చోటే మళ్లీ ప్రాణం రావడం మన దేశంలో ఎంతో అరుదు, అందుకే ఈ ఊరి కథ పిల్లలకు చెప్పాలనిపిస్తుంది.

● 22 ఏళ్లు నిద్రపోయి లేచిన ఫ్యాక్టరీ మరొకటుంది! రామగుండం ఎరువుల కర్మాగారం 1999లో మూతపడి, 2021లో మళ్లీ యూరియా తీసింది. వింతేమిటంటే, చుట్టూ సింగరేణి బొగ్గే ఉన్నా కొత్త ప్లాంటు బొగ్గు ముట్టదు! పాతది బొగ్గుతో నడిచేది, కొత్తదానికి కాకినాడ వైపున్న మల్లవరం నుంచి 350 కిలోమీటర్లకు పైగా గొట్టం వేసి సహజవాయువు తెస్తున్నారు. రోజుకు 3,850 టన్నుల యూరియా దీని సామర్థ్యం. 45 కిలోల బస్తాల్లో లెక్కేస్తే సుమారు సెకనుకొక బస్తా!

● గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. నదులూ దేవతా అనుకున్నారా? ఇవి విశాఖ ఉక్కు కర్మాగారంలోని మూడు బ్లాస్ట్ ఫర్నేసుల పేర్లు! సొంత ఇనుప గనులు లేక, అప్పులు పెరిగి, 2024లో ఒక దశలో ఒక్క ఫర్నేసే మండింది. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించింది.

● 2014-15లో దేశంలో సెల్‌ఫోన్లు తయారుచేసే యూనిట్లు ఎన్నో తెలుసా? ప్రభుత్వ లెక్క ప్రకారం రెండంటే రెండే! 2023-24లో మనం తయారుచేసినవి దాదాపు 33 కోట్ల ఫోన్లు, అంటే సెకనుకు పది. సంతోషమే, కానీ చిప్పుల్లాంటి ఖరీదైన భాగాలు ఇంకా ఎక్కువగా బయటి నుంచే వస్తున్నాయి. అవీ ఇక్కడే తయారైన రోజున అసలైన పండగ!

● తిరుపతి జిల్లా శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ 2015లో షావోమీ ఫోన్లు బిగించడం మొదలుపెట్టినప్పుడు, లైన్లో పనిచేసే పదిమందిలో తొమ్మిదిమందికి పైగా అమ్మాయిలే! అంతకుముందు పొలం పనే దిక్కైన పల్లెల నుంచి వచ్చి, నెలజీతం అందుకున్నారు.

● దేశంలో అతి తక్కువ వాన పడే ప్రాంతాల్లో ఒకటైన ఉమ్మడి అనంతపురంలో పది లక్షల కార్లు పుట్టాయి! పెనుకొండ దగ్గర కియా తొలి కారు 2019 ఆగస్టులో బయటికొస్తే, పది లక్షలవది 2023 జులైలో వచ్చింది.

● బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో ఒక్కసారిగా 20 శాతం నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది! ప్రభుత్వ లెక్కల్లో 2014-15 నుంచి 2022-23 మధ్య బొమ్మల దిగుమతి 52 శాతం తగ్గింది, ఎగుమతి 239 శాతం పెరిగింది. తెల్లపొణికి చెక్కే కొండపల్లి వాళ్లకూ, అంకుడు కర్రకు లక్క పూసే ఏటికొప్పాక వాళ్లకూ ఈ గాలి ఇంకా గట్టిగా వీయాలి.

● ఒకప్పుడు ఆసియాలోకెల్లా పెద్ద చక్కెర ఫ్యాక్టరీ ఎక్కడుండేది? మన బోధన్‌లో! 1937లో మొదలైన నిజాం షుగర్స్‌కు 2015 డిసెంబరులో తాళం పడింది. మళ్లీ తెరిపించే దారులు చూడమని తెలంగాణ ప్రభుత్వం 2024లో కమిటీ వేసింది. చెరకు రైతులు మాత్రం గానుగ ఎప్పుడు తిరుగుతుందా అని అడుగుతూనే ఉన్నారు!