ఎవరి భయం, ఎవరి దయ్యం?

హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను చూడని తెలుగు పల్లె ఒకప్పుడు అరుదు. తెల్లవారుజామున, జనం కునికిపాట్లు పడే వేళకు ఆ రంగం వచ్చేది. భుజాన నల్లగొంగడి, చేతిలో కర్రతో హరిశ్చంద్రుడు కనబడగానే నిద్రలో ఉన్నవాళ్లు సైతం లేచి కూర్చునేవారు. ఆడవాళ్లు కొంగులతో కళ్లు ఒత్తుకునేవారు. ఎందుకంత దుఃఖం? రాజ్యం అంతకుముందే పోయింది. ఆలుబిడ్డలను అమ్ముకోవడమూ అయిపోయింది. అయినా ప్రేక్షకుడి గుండె జలదరించేది చక్రవర్తి చండాలుడికి దాసుడై కాటికాపరిగా నిలబడిన ఘట్టంలోనే. మనిషికి ఇంతకు మించిన అధోగతి లేదని కథ మనకు చెప్పకుండానే చెబుతుంది. ఆ ఊరి అసలు కాటికాపరి బహుశా అదే రాత్రి, జనానికి ఎడంగా, నేలమీద కూర్చుని అదే నాటకం చూసేవాడు. రాజుకు పీడకల అయినది అతడికి రోజువారీ బతుకు. అతడు ఏ ఘట్టంలో ఏడ్చేవాడో ఎవరూ అడిగినట్టు లేదు.

భయానక సాహిత్యం మనుషులందరికీ సమానమైన ఆదిమ భయాలను తట్టిలేపుతుందని విమర్శకులు చెబుతూ ఉంటారు. చీకటి, చావు, తెలియనిదాని ఉనికి అందరినీ భయపెడతాయన్నది నిజమే. అయితే ఆ చీకట్లో ఎవరిని నిలబెట్టాలన్నది మాత్రం సమాజం నిర్ణయిస్తుంది. మన దయ్యాలకే వర్ణవ్యవస్థ ఉంది. చదువుకున్న బ్రాహ్మణుడు పాపం చేసి చనిపోతే బ్రహ్మరాక్షసుడవుతాడు. రావిచెట్టు మీద కాపురం ఉంటాడు, శాస్త్రచర్చ చేస్తాడు, మెప్పిస్తే వరమిచ్చి పంపుతాడు. ఊరి చివర తిరిగే కొరివిదయ్యానికి ఈ మర్యాద లేదు. దానికి వేపమండలూ చెప్పుదెబ్బలే గతి. చచ్చిన తరువాత కూడా ఎవరి వాడ వారిదే.

ఇది మనకే పరిమితమైన జబ్బు కాదు. ఇరవయ్యో శతాబ్దపు ఆంగ్ల హారర్ కథకు మూలపురుషుల్లో ఒకడైన హెచ్.పి. లవ్‌క్రాఫ్ట్ 1924లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌కు కాపురం వెళ్లాడు. అక్కడి వీధుల్లోని నల్లవారు, సిరియన్లు, రకరకాల భాషలు మాట్లాడే వలసజనం అతడికి మనుషులుగా కాక, ఒక పీడలాగా కనిపించారు. ఆ ఏవగింపే 1925లో ‘ది హారర్ ఎట్ రెడ్ హుక్’ అనే కథగా మారింది. 1927లో ‘వియర్డ్ టేల్స్’ పత్రిక అచ్చువేసిన ఆ కథలో పాఠకుణ్ణి భయపెట్టేది నేలమాళిగలోని భూతం కంటే ఆ పేట జనమే. వారి చర్మం రంగు, అర్థంకాని పాట, కలిసిపోయిన నెత్తురు, ఇవే కీడుకు ఆనవాళ్లు. కథంతా ఒక పోలీసు డిటెక్టివ్ కళ్లతో సాగుతుందన్న సంగతి గమనించాలి. పేటలోని మనిషి నోరు తెరిచి ఒక్క మాట చెప్పడు.

దాదాపు తొంభై ఏళ్ల తరువాత, 2016లో విక్టర్ లవాల్ అనే నల్లజాతి రచయిత అదే కథను అవతలి గట్టు నుంచి తిరగరాశాడు. ఆ నవలిక పేరు ‘ది బ్యాలడ్ ఆఫ్ బ్లాక్ టామ్’. అదే కాలం, అదే డిటెక్టివ్, అదే క్షుద్రపూజ. కథ మధ్యలో ఉన్నది మాత్రం హార్లెంలో ముసలితండ్రిని పోషించుకుంటూ బతికే టామీ టెస్టర్ అనే నల్ల యువకుడు. ఒకరోజు ఇంట్లో ఉన్న ఆ తండ్రిని తెల్ల డిటెక్టివ్ కాల్చి చంపుతాడు. చేతిలో గిటారు ఉంటే తుపాకీ అనుకున్నానంటాడు. లవ్‌క్రాఫ్ట్ లోకంలో అన్నిటికంటే పెద్ద భయం ఏమిటంటే, మనిషిని లెక్కచేయని మహాశక్తులు విశ్వాన్ని ఏలుతున్నాయన్న ఎరుక. టామీకి అది భయంగా తోచదు. తనను పట్టించుకోని దేవుడు, అనుక్షణం వెంటాడే మనిషి కంటే మేలు కదా అనుకుంటాడు. నా దృష్టిలో హారర్ సాహిత్యం మీద ఇంతకంటే పదునైన విమర్శ లేదు. విశ్వం నిన్ను లెక్కచేయడం లేదని బెంబేలెత్తడానికి ముందు, లోకం నిన్ను ఎంతోకొంత లెక్కచేసి ఉండాలి.

ఇదే సమయంలో అమెరికాలో మరో వివాదం నడిచింది. వరల్డ్ ఫాంటసీ పురస్కారం ప్రతిమ 1975 నుంచి లవ్‌క్రాఫ్ట్ తలరూపంలోనే ఉండేది. 2011లో దాన్ని అందుకున్న నైజీరియా మూలాల రచయిత్రి న్నెడి ఒకోరఫోర్, తన జాతిని మనిషికీ పశువుకీ మధ్య సృష్టిగా చిత్రిస్తూ అతడు రాసిన పద్యం గురించి తెలిసి, ఆ తలను ఇంట్లో ఎలా పెట్టుకోవాలని బాహాటంగా ప్రశ్నించింది. 2015లో నిర్వాహకులు ప్రతిమను మార్చారు. నిరసనగా తన పురస్కారాలను తిప్పి పంపినవాడు పుణెలో పుట్టిన లవ్‌క్రాఫ్ట్ పండితుడు ఎస్.టి. జోషి కావడం ఒక విచిత్రం. రచనను గౌరవిస్తే రచయిత మనల్ని ద్వేషించిన సంగతిని మింగాలా అన్నది, ప్రబంధాలు చదివే దళిత విద్యార్థికి తరగతి గదిలో రోజూ ఎదురయ్యే ప్రశ్నే.

ఊహాసాహిత్యం చేయగలిగిన పని ఈ తలకిందులు చేయడంతో ఆగిపోదు. ఆక్టేవియా బట్లర్ 1979లో రాసిన ‘కిండ్రెడ్’ నవలను మన పిల్లలందరూ చదవాలని నా కోరిక. బట్లర్ తల్లి తెల్లవారి ఇళ్లలో పనిమనిషి. పెరటి గుమ్మంలోంచి వెళ్లేది. ఎదుటే ఉండగా లేనట్టుగా మాట్లాడుకునే యజమానుల మాటలు విని ఊరుకునేది. చిన్నప్పుడు తల్లిని చూసి సిగ్గుపడ్డానని బట్లర్ దాచకుండా చెప్పుకుంది. తరువాత కాలేజీలో ఒక నల్ల యువకుడు, ఇన్నాళ్లూ తలవంచి మనల్ని వెనక్కి లాగిన ఈ ముసలివాళ్లను చంపాలనిపిస్తుంది, కాని మా అమ్మానాన్నలతోనే మొదలుపెట్టాల్సి వస్తుంది అన్నాడట. నవలకు బీజం ఆ మాటే.

కథలో డేనా అనే ఇరవయ్యారేళ్ల నల్ల రచయిత్రి 1976 నాటి కాలిఫోర్నియాలో, తన కొత్త ఇంట్లో పుస్తకాలు సర్దుకుంటూ ఉంటుంది. కళ్లు తిరుగుతాయి. తెరిచేసరికి పందొమ్మిదో శతాబ్దపు మేరీలాండ్‌లో, బానిసల తోటలో ఉంటుంది. కాలయంత్రం లేదు, శాస్త్రీయమైన వివరణ లేదు. తోట యజమాని కొడుకు రూఫస్‌కు ప్రాణం మీదికి వచ్చినప్పుడల్లా ఆమె గతంలోకి లాగబడుతుంది. తన ప్రాణం మీదికి వస్తే తప్ప తిరిగి రాలేదు. అతణ్ణి ఎందుకు కాపాడాలి? అతడు తన పూర్వీకుడు కనుక. అతడు ఒక నల్ల స్త్రీని చెరపట్టి కన్న బిడ్డ నుంచే తన వంశం మొదలైంది. ఆ బిడ్డ పుట్టేదాకా అతడు బతకాలి. చదువు, ఆత్మగౌరవం, ఇరవయ్యో శతాబ్దపు హక్కులు అన్నీ ఉన్న డేనా, కొన్నాళ్లకే కొరడా చప్పుడుకు ఒళ్లు ముడుచుకోవడం నేర్చుకుంటుంది. బానిసత్వాన్ని ఎంత సులువుగా అలవాటు చేయవచ్చో తన ఒంటిమీదే తెలుసుకుంటుంది. చివరికి రూఫస్‌ను చంపి బయటపడుతుంది గాని, ఎడమచేయి మాత్రం వెంట రాదు. అది ఇంటిగోడలో ఇరుక్కుపోయి తెగిపోతుంది.

మన ఇళ్లలో ఈ సంభాషణ జరుగుతూనే ఉంది. ఇంజనీరింగ్ చదివిన మనవడు, దొర గడప ముందు చెప్పులు చేతపట్టుకుని నడిచిన తాతను అడుగుతాడు: ‘ఎందుకు ఊరుకున్నావు తాతా? ఒక్కసారైనా ఎదురు తిరగలేదా?’ తాత నవ్వి ఊరుకుంటాడు. ఆ నవ్వులో ఏముందో ఆత్మకథ కొంత చెప్పగలదు, చరిత్ర పుస్తకం ఇంకొంత చెప్పగలదు. అడిగినవాణ్ణే అక్కడికి తీసుకెళ్లి, అదే గడప ముందు నిలబెట్టి, ‘ఇప్పుడు నువ్వేం చేస్తావు?’ అని అడగగలిగినది ఊహాకథ మాత్రమే. తాత ఊరుకున్నాడు కాబట్టే అప్పుడు నాన్న బతికాడు, ఇప్పుడు మనవడు అడగగలుగుతున్నాడు. బట్లర్ తల్లి పెరటి గుమ్మం తొక్కడం వల్లే బట్లర్ కడుపు నిండింది.

దయ్యం అన్నమాటకు టోనీ మారిసన్ ఇచ్చిన అర్థం మరొకటి. 1856లో బానిసత్వం నుంచి పారిపోయి, పట్టుబడే క్షణంలో బిడ్డను చంపుకున్న మార్గరెట్ గార్నర్ ఉదంతం ఆధారంగా ఆమె 1987లో ‘బిలవ్డ్’ రాసింది. ఆ ఇంట్లో తిరిగే పసిదయ్యం పగ తీర్చుకోవడానికి వచ్చింది కాదు. తనను మరిచిపోనివ్వకుండా ఉండటానికి వచ్చింది. ఈ నవల చదువుతున్నప్పుడు నాకు చుండూరు గుర్తుకు వచ్చింది. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లాలోని ఆ గ్రామంలో ఎనిమిదిమంది దళితులను చంపి, శవాలను గోతాల్లో కుక్కి కాలువలో పడేశారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు అందరినీ నిర్దోషులన్నది. మృతులను వారి బంధువులు ఊరవతల శ్మశానానికి తీసుకుపోలేదు. ఊరి నడుమనే పాతి, ఆ చోటుకు రక్తక్షేత్రం అని పేరు పెట్టారు. నీళ్లలో మాయం చేయబోయిన మనుషులు ఊరు రోజూ దాటుకుని నడవవలసిన చోట నిలిచిపోయారు.

ఇక్కడ హేతువాద మిత్రులు అభ్యంతరం చెబుతారు, చెప్పాలి కూడా. దయ్యాల కథలను మెచ్చుకోవడమంటే మూఢనమ్మకాలకు ఊతమివ్వడం కాదా? తెలుగునాట ఈ ప్రశ్న ఊరికే పుట్టలేదు. 1980లలో ‘తులసిదళం’ ఇంటింటా చదివించుకున్నప్పుడు రంగనాయకమ్మ ‘తులసిదళం కాదు, గంజాయి దమ్ము’ అని ఏకంగా ఒక పుస్తకం రాసింది. బాణామతి, చేతబడి, చిల్లంగి అన్న నెపంతో మనుషులను చెట్టుకు కట్టి కొట్టడం, పళ్లు ఊడగొట్టడం, తగులబెట్టడం మన పల్లెలు ఎరిగినవే. నెపం మోసేది ఎక్కువగా ఒంటరి ముసలివాళ్లు, వితంతువులు, నాటువైద్యం తెలిసిన పేదకులాల వాళ్లు. జాతీయ నేర గణాంకాల సంస్థ హత్యల కారణాల పట్టికలో మంత్రవిద్యకు నేటికీ ఒక వరుస ఉంది. కనుక రంగనాయకమ్మ కోపం న్యాయమైనదే. కానీ తప్పు దయ్యంలో లేదు, దాన్ని ఎవరి భుజాన ఎక్కించామన్నదానిలో ఉంది. మంత్రగాణ్ణి అడవి నుంచో శ్మశానం నుంచో తెచ్చి, మేడలోని బిడ్డ మీదికి ఉసిగొల్పే కథ, పల్లెలో రాళ్లు పట్టుకున్న గుంపు చూపుతోనే లోకాన్ని చూస్తుంది. చెట్టుకు కట్టివేయబడిన మనిషి కళ్లతో రాసిన కథలోనూ భయం ఉంటుంది. అందులో పాఠకుడు భయపడేది గుంపును చూసి.

ఆ చూపును మార్చిన పెద్దలు మనకు లేకపోలేదు. మేఘం చేత ప్రియురాలికి కబురు పంపాడు కాళిదాసు యక్షుడు. 1941లో జాషువా ‘గబ్బిలం’లో అరుంధతీసుతుడు కాశీ విశ్వనాథుడికి మొర పంపవలసి వచ్చినప్పుడు మేఘాన్ని, హంసను పిలవలేదు. ఇంట్లో దూరితే అరిష్టమని అందరూ తరిమే గబ్బిలాన్ని పిలిచాడు. అది శిథిలాల్లో, చీకట్లో తలకిందులుగా వేలాడే జీవి. ఏ దయ్యాల కథకైనా బొమ్మగా వేసుకునేది. తాను అడుగుపెట్టలేని గర్భగుడి కప్పు కింద దానికి మాత్రం చోటుంది. ఈ ఒక్క ఎంపికలో ఉన్న వ్యంగ్యం వంద ఉపన్యాసాలలో లేదు. ఆ కాటిసీనులో హరిశ్చంద్రుడి నోట జనం పారవశ్యంతో విన్న పద్యాలలో జాషువా ‘శ్మశానవాటి’ పద్యాలు ఉన్న సంగతి కూడా తెలుగువారికి తెలిసిందే. రాజు గొంతులో పలికినది ఊరవతల పుట్టిన కవి మాట.

ఆ దారి ఎందుకు సన్నగిల్లిందో ఆలోచించాలి. దళిత రచయిత అనగానే మనం వేదన అడుగుతాం, సాక్ష్యం అడుగుతాం. అనుభవం రాయమంటాం. నక్షత్రాల గురించో, రాబోయే శతాబ్దం గురించో రాస్తే అది అతడి పని కాదన్నట్టు చూస్తాం. కల్పన కూడా ఒక ఆస్తే, దానికీ వారసత్వం ఉంది. 2016 జనవరి 17న హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో మనం పోగొట్టుకున్న రోహిత్ వేముల, కార్ల్ సేగన్ లాగా సైన్సు రచయిత కావాలని కోరుకున్నవాడు. ఆ మరుసటి ఏడాదే కోల్‌కతాకు చెందిన దళిత రచయిత్రి మిమి మండల్, ఆక్టేవియా బట్లర్‌కు ఉత్తరాలూ వ్యాసాలతో కూర్చిన ఒక సంకలనానికి సహసంపాదకురాలైంది. అది 2018లో హ్యూగో పురస్కారం తుదిజాబితాకు చేరింది. పనిమనిషి కూతురు రాసిన బానిసల కథ బెంగాల్ దళిత యువతిని చేరడానికి దారి దొరికింది. తెలుగులోకి ఇంకా రావలసి ఉంది.

హరిశ్చంద్రుడి కథ ముగింపు అందరికీ తెలుసు. దేవతలు ప్రత్యక్షమవుతారు, రాజ్యం తిరిగివస్తుంది. పురాణంలోనైతే ఆ చండాలుడు ధర్మదేవత మారువేషమేనని తేలుతుంది. అంటే ఆ కథలో అసలు చండాలుడు లేనే లేడు. నాటకం అయ్యాక గొంగడి దులిపి నటుడికి తిరిగి ఇచ్చి, తెల్లవారేలోగా కాటికి వెళ్లిన మనిషి ఆ రాత్రి అక్కడ ఏం చూశాడో, దేనికి భయపడ్డాడో ఇంకా ఎవరూ రాయలేదు.