జీడిపిక్కల లెక్క

కాబోయే పంతుల్ని అడిగి చూడండి. చదువుకు కేంద్రం విద్యార్థేనని తడుముకోకుండా చెబుతాడు. బళ్లో అడుగుపెట్టాక మాత్రం చేతిలో సుద్దముక్క, నోట ఉపన్యాసం! వింతేం లేదు. శిక్షణ రెండేళ్లే, బెంచీ మీద కూర్చుని తన గురువుల్ని చూసింది పన్నెండేళ్లు. ఆ చూపే టీచర్లను మలుస్తుందని అమెరికా సామాజికవేత్త డాన్ లార్టీ 1975లోనే రాశాడు.

వజ్రపుకొత్తూరు జీడితోటల పిల్లలకు భాగహారం కొత్త కావచ్చు. పిక్కల బస్తా 80 కిలోలని, అందులో పప్పు సుమారు నాలుగో వంతని ఇంట్లో వింటూనే ఉంటారు. లెక్క అక్కడ మొదలెట్టొచ్చుగా! ఈ జిల్లాకిది కొత్తా? సవర పిల్లలకు చదువు చెప్పాలని గిడుగు రామమూర్తి పంతులు ముందు తానే సవర భాష నేర్చుకున్నారు.

మరి పిల్లాడు తప్పు జవాబు చెబితే? కొత్త పంతులు దిద్దేస్తాడా, 'ఎలా కట్టావురా?' అని అడుగుతాడా?