తనిఖీతో రాదు నాణ్యత!

ఫ్యాక్టరీలో వరసగా పది వస్తువులు పాడైతే యంత్రాన్ని ఆపి చూస్తారు. మరి, కాలేజీలో ఒకే సబ్జెక్టులో సగం మంది ఫెయిలైతే? పిల్లలు చదవలేదంటారు! చెప్పే పద్ధతిలో లోపముందేమోనని ఎందరు చూస్తారు?

అలా చూడటం కంపెనీలకు నేర్పినవారిలో ముఖ్యుడు అమెరికా గణాంక శాస్త్రవేత్త ఎడ్వర్డ్స్ డెమింగ్. 1950లో జపాన్ ఇంజినీర్లకు ఆయన పాఠాలు చెప్పాడు. తయారయ్యాక తప్పులు వెతకడం కాదు, తయారీ తీరునే సరిదిద్దాలన్నది వాటి సారాంశం. ప్రణాళిక వేయాలి, చేసి చూడాలి, ఫలితం కొలవాలి, దిద్దుకోవాలి... మళ్లీ మొదలుపెట్టాలి.

నాణ్యతకోసం అమెరికా 1987లో బాల్డ్రిజ్ జాతీయ అవార్డు నెలకొల్పింది. 1999 నుంచి విద్యాసంస్థలకూ అందులో చోటిచ్చింది. 2001లో దాన్ని గెలిచిన తొలి యూనివర్సిటీ... విస్కాన్సిన్-స్టౌట్. అక్కడ నిర్ణయాలు చర్చించే మండలిలో అధ్యాపకులు, సిబ్బందితోపాటు విద్యార్థులకూ స్థానముంది. పాత విద్యార్థుల్నీ ఉద్యోగమిచ్చినవారినీ అడిగి లోటుపాట్లు తెలుసుకునేవారు.

విద్యార్థి కస్టమరా?

అసలు చిక్కు ఇక్కడే. హోటల్లో బిల్లు కడితే భోజనం మనది. ఫీజు కట్టినంత మాత్రాన డిగ్రీ మనదైపోదు, చదవాలి. పైగా చదువు నాణ్యత విద్యార్థి ఒక్కడి సొంత విషయం కాదు. రేపు అతడు కట్టే వంతెన మీద నడిచేది మనమే! అందుకే కస్టమర్‌ను మెప్పించాలన్న సూత్రాన్ని యథాతథంగా తెస్తే మార్కులు పెరుగుతాయేమో కానీ చదువు పెరగదు.

మన దేశంలో కాలేజీలకు గ్రేడ్లిచ్చే న్యాక్‌ను యూజీసీ 1994లో ఏర్పాటుచేసింది. ఏడాది పొడవునా నాణ్యత చూసుకునేందుకు కాలేజీలోనే ఓ విభాగం ఉండాలంది. ఆలోచన మంచిదే. కానీ బృందం వస్తోందంటే గోడలకు రంగులూ ఫైళ్ల హడావుడీ మొదలైతే లాభమేంటి? 2025 ఫిబ్రవరిలోనైతే గుంటూరు జిల్లాలోని ఓ సంస్థకు మంచి గ్రేడు కోసం లంచం తీసుకున్నారన్న ఆరోపణపై తనిఖీ బృంద సభ్యులనే సీబీఐ అరెస్టు చేసింది. తనిఖీనే నమ్ముకోవద్దని డెమింగ్ ఊరికే అనలేదు.

అడ్మిషన్‌కు వెళ్లే తల్లిదండ్రులు గ్రేడుతో ఆగకూడదు. ఎక్కువమంది తప్పుతున్న సబ్జెక్టేది? దానికోసం ఏం మార్చారు? చేరిన వందమందిలో సకాలంలో పూర్తిచేసినవారెందరు? జవాబు వెంటనే చెప్పగలిగితే... ఆ కాలేజీ తన పని తాను కొలుచుకుంటోందన్నమాట!